తలుపు మూసే ముందటి గంట: మానసిక వైద్యశాలల్లో ఏకాంత నిర్బంధం, నర్సు బాధ్యత

విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మూలాలు 1870ల తొలినాళ్లలో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం రాజధానిలో ఉన్నదానికి తోడుగా కాలికట్‌లోను, వాల్తేరులోను లూనటిక్ అసైలంలు తెరిచిన రోజులవి. ఆ కాలపు అసైలంలకు నమూనా జైలే: ఎత్తైన ప్రహరీ, వరసగా చిన్న గదులు, ప్రతి గదికీ బయటి వైపు గడియ. చికిత్స పద్ధతులు తర్వాత ఎంతగానో మారాయి. వాల్తేరు అసైలం ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధ బోధనాసుపత్రి అయింది, ఉత్తరాంధ్ర జిల్లాలకూ ఒడిశా సరిహద్దు గ్రామాలకూ పెద్ద దిక్కయింది. అయితే రోగిని ఒంటరిగా ఒక గదిలో ఉంచి తలుపు మూయడమనే పని దేశంలోని మానసిక వైద్యశాలల్లో భవనాల కంటే ఎక్కువ కాలం నిలిచింది. వైద్య పరిభాషలో దీన్నే ఏకాంత నిర్బంధం అంటున్నారు.

భారతీయ చట్టం దీనిపై ఎక్కడా నాన్చలేదు. 2018 మే నెలలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 97వ సెక్షను మొదటి వాక్యంలోనే మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తిని ఏకాంత నిర్బంధానికి గురిచేయరాదని చెబుతుంది. దానికి మినహాయింపులు లేవు. కట్టివేయడానికి మాత్రం షరతులతో అనుమతి ఉంది. రోగికి గానీ ఇతరులకు గానీ తక్షణ హాని తప్పించడానికి వేరే మార్గమేదీ లేనప్పుడు, చికిత్స చేస్తున్న మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంత సేపు మాత్రమే భౌతిక నిర్బంధం వాడవచ్చు. గొలుసులతో బంధించడాన్ని 95వ సెక్షను ఏ రూపంలోనూ ఒప్పుకోదు.

అలాంటప్పుడు నిషేధించిన పని గురించి ఇంత చర్చ ఎందుకన్న ప్రశ్న రావచ్చు. వార్డులో ఆ పని జరిగినప్పుడు దాన్ని ఎవరూ ఏకాంత నిర్బంధం అనరు గనుక చర్చ అవసరమైంది. ‘అబ్జర్వేషన్ రూములో పెట్టాం’, ‘కాసేపు సింగిల్ రూములో పడుకోబెట్టాం’, ‘మిగతా పేషెంట్లు కొడతారని వేరుగా ఉంచాం’ అంటారు. పేరు ఏదైనా పరీక్ష ఒక్కటే. రోగి ఒంటరిగా ఉన్నాడా, తాను కోరుకున్నప్పుడు బయటకు రాగలడా అని చూడాలి. గడియ వేసి ఉన్నా, గడియ వేయకుండా గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టినా, లేచి వస్తే ఇంజెక్షన్ తప్పదని బెదిరించినా ఫలితం ఒక్కటే. దీనికి భిన్నంగా, రోగి తానే అడిగి వెళ్లి, తానే తలుపు తీసుకుని రాగలిగే నిశ్శబ్దమైన గది వార్డులో ఉంటే అది నిర్బంధం కాదు. నర్సింగ్ సంరక్షణలో దానికి మంచి స్థానమే ఉంది.

సంస్కరణగా పుట్టిన గది

ఏకాంత నిర్బంధం క్రూరత్వంలోంచి పుట్టిందనుకోవడం సగమే నిజం. పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో పురుష రోగుల గొలుసులు తీయించినది ఆ వార్డుల పర్యవేక్షకుడు పుస్సాన్. పేరు మాత్రం వైద్యుడు పీనెల్‌కు దక్కింది. రోగుల మధ్య పగలూ రాత్రీ గడిపిన మనిషి ఈ మార్పు తెచ్చాడన్న సంగతిని మానసిక నర్సింగ్ విద్యార్థులకు ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది. అయితే గొలుసులు పోయిన చోటికి చేతులను వీపు వెనక్కు కట్టే బిగుతు చొక్కాలు వచ్చాయి. ఇంగ్లండులో లింకన్ అసైలంలో గార్డినర్ హిల్, 1839లో లండన్ సమీపంలోని హాన్‌వెల్ అసైలంలో జాన్ కొనోలీ ఆ చొక్కాలనూ పట్టీలనూ మాన్పించారు. మరి ఉద్రేకంతో ఊగిపోతున్న రోగిని ఏం చేయాలన్న ప్రశ్నకు కొనోలీ ఇచ్చిన జవాబుల్లో ఒకటి గోడలకు మెత్తలు కుట్టిన ఏకాంత గది. పట్టీల కంటే అది మానవీయమని ఆయన నమ్మాడు, ఆ కాలపు కొలమానాలతో చూస్తే ఆ నమ్మకంలో తప్పు లేదు.

ఆ నమ్మకానికి సిద్ధాంత రూపం చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికన్ మానసిక వైద్యుడు గూథైల్ 1978లో మూడు కారణాలు చూపాడు. ప్రమాదకరమైన ప్రవర్తనను గది హద్దుల్లో ఉంచుతుంది. రోగి భయానికీ అనుమానానికీ కారణమవుతున్న మనుషుల నుంచి అతన్ని వేరుచేస్తుంది. చుట్టూ ఉన్న శబ్దాలను, కదలికలను తగ్గించి మనసుకు విశ్రాంతినిస్తుంది. వినడానికి ఇవన్నీ సబబుగానే ఉన్నాయి. కానీ తీవ్ర మానసిక వ్యాధుల్లో ఏకాంత నిర్బంధం గానీ కట్టివేత గానీ మేలు చేస్తుందని చూపే నియంత్రిత పరిశోధన ఒక్కటైనా ఉందా అని 2000లో, వైద్య పరిశోధనల ఆధారాలను కలిపి పరిశీలించే అంతర్జాతీయ సంస్థ కొక్రేన్ సమీక్షకులు వెతికితే చేతికేమీ దొరకలేదు. దాదాపు రెండు శతాబ్దాల ఆచరణకు నిలకడైన ఆధారం ఒక్కటీ లేదని అప్పుడు బయటపడింది.

తర్వాత వచ్చిన ఒక పరిశోధన భారతీయ పాఠకుడిని కాస్త ఇబ్బంది పెడుతుంది. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఉద్రేకంతో ఉన్న 105 మంది మానసిక రోగులను చీటీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, కొందరిని కట్టివేతకు, కొందరిని ఏకాంత గదికి కేటాయించారు. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. గదిలో ఉంచినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి కట్టివేత అవసరమే రాలేదు. అంటే తప్పనిసరిగా రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, గదితో మొదలుపెట్టడం తక్కువ కఠినమైన మార్గం కావచ్చు. మన చట్టం పెట్టిన క్రమం దీనికి సరిగ్గా ఎదురు: కట్టివేతకు షరతులతో తలుపు తెరిచింది, గదికి పూర్తిగా మూసింది. బ్రిటన్ మానసిక ఆరోగ్య చట్టం కింది నియమావళి ఏకాంత నిర్బంధాన్ని కఠినమైన పర్యవేక్షణతో ఒప్పుకుంటుంది. పట్టీల వంటి సాధనాలతో కట్టడం అక్కడ చాలా అరుదు. కనుక రెండు చెడుల్లో ఏది చిన్నదన్న ప్రశ్నకు జవాబు వైద్యశాస్త్రం నుంచి కంటే ఆయా దేశాల అనుభవం నుంచే ఎక్కువగా వచ్చిందనుకోవాలి.

మన అనుభవం ఎలాంటిదో తెలిసిందే. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న పాకలో మంటలు లేచినప్పుడు గొలుసులతో బంధించి ఉన్న మానసిక రోగులు కదల్లేకపోయారు. 28 మంది చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే జాతీయ మానవ హక్కుల కమిషన్ నివేదిక, దేశంలోని చాలా మానసిక వైద్యశాలలు ఇంకా జైలు రూపంలోనే ఉన్నాయని ఎత్తిచూపింది. భారతదేశం 2007 అక్టోబరులో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక ఆ తర్వాత చట్టం దిశను నిర్ణయించింది. తలుపు మూసి మరచిపోవడం సులువైన దేశంలో శాసనకర్తలు ఆ గదిని నమ్మకపోవడానికి తగిన కారణమే ఉంది. కట్టిన రోగి వార్డులో అందరి కళ్ల ముందు ఉంటాడు. గదిలో పెట్టిన రోగి ఎవరి కంటా పడడు. ఈ తేడా మీద ఆధారపడి చూస్తే, మన చట్టం ఎంచుకున్న క్రమం సమర్థనీయమైనదే.

గది లోపల శరీరం

ఏకాంత నిర్బంధం గురించిన చర్చ ఎక్కువగా హక్కుల చుట్టూ తిరుగుతుంది. నర్సుకు అంతకంటే దగ్గరి ప్రశ్న శరీరానిది. ఉద్రేకంగా ఉన్న ప్రతి రోగిలోనూ కారణం మానసిక వ్యాధే కాకపోవచ్చు. రక్తంలో చక్కెర పడిపోయినవాడు, తలకు దెబ్బ తగిలినవాడు, మెదడువాపు మొదలవుతున్నవాడు, మద్యం మానేసిన రెండు మూడు రోజులకు డెలీరియంలోకి (శరీర కారణాలతో ఉన్నట్టుండి మతి చెదిరే స్థితిలోకి) జారుతున్నవాడు బయటికి ఒక్కలాగే కనిపిస్తారు. వారు అరుస్తారు, పట్టు విడిపించుకుంటారు, లేనివి చూస్తారు. డెలీరియం ఉన్న మనిషిని చీకటి గదిలో ఒంటరిగా ఉంచితే అతని అయోమయం పెరుగుతుంది, మూర్ఛ వస్తే చూసేవారుండరు. మానసిక వార్డులో తప్పక జరగాల్సిన మొదటి పని గ్లూకోమీటరుతో చక్కెర చూడటం. దానికి నిమిషం కూడా పట్టదు. గడియ వేసేశాక ఆ పరీక్ష సంగతి ఎవరికీ గుర్తు రాదు.

విశాఖ వాతావరణం దీనికి మరో ప్రమాదం జోడిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ తీరం మీద ఉక్కపోత ఎలా ఉంటుందో, కిటికీ సరిగా లేని గదిలో ఫ్యాను కూడా లేకపోతే ఏమవుతుందో ఇక్కడివారికి వివరించనక్కరలేదు. ఆత్మహత్యకు ఆస్కారముందని ఫ్యాను తీసేసిన గది అంటే అలాంటిదే. మనోవ్యాధులకు వాడే మందుల్లో కొన్ని చెమటను అణచివేసి శరీరం తన వేడిని తానే తగ్గించుకునే శక్తిని దెబ్బతీస్తాయి. మనోస్థితిని నిలకడగా ఉంచే లిథియం అనే మందు మీద ఉన్న రోగికి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు విషస్థాయికి చేరవచ్చు. చేతులు వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు దాని గుర్తులు. బయటి నుంచి చూసేవారికి అవి ‘ఇంకా తిక్కగానే ఉన్నాడు’ అనిపిస్తాయి. ఉద్రేకాన్ని అణచే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ తర్వాత మెడ, నాలుక మెలితిరిగిపోయే ఇబ్బంది వస్తే రోగి నోట మాట పెగలదు, గది బయట ఉన్నవారిని పిలవలేడు. ఇలాంటి మందుల వల్ల జ్వరం, కండరాల బిగుతు, అయోమయం కలిసి వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అరుదే గానీ ప్రాణాంతకం. థర్మామీటరు పెట్టే మనిషి దగ్గర లేకపోతే దాన్ని పట్టుకోలేం.

ఆత్మహత్య ప్రమాదం వీటన్నిటికీ పైన ఉంటుంది. చీర, చున్నీ, లుంగీ, దుప్పటి అంచు, కిటికీ ఊచ అన్నీ అందుకు పనికొస్తాయి. అందుకని బట్టలు తీసేస్తే అది మరో అవమానం. స్త్రీల వార్డులో బహిష్టు సమయంలో ఈ అవమానం ఎంత దూరం వెళుతుందో మగవారు రాసిన మార్గదర్శకాలు సాధారణంగా పట్టించుకోవు.

రోగులు తర్వాత చెప్పేదాంట్లో ఒక మాట దాదాపు ఎక్కడైనా వినిపిస్తుంది: ‘ఏం తప్పు చేశానని నన్ను గదిలో వేశారో చెప్పలేదు’ అని. నర్సు భద్రత కోసం చేసిన పనిని రోగి శిక్షగా గుర్తుంచుకుంటాడు. చిన్నప్పుడు ఇంట్లో గదిలో వేసి కొట్టించుకున్నవారికి, లైంగిక హింసకు గురైనవారికి ఆ మూసిన తలుపు పాత గాయాన్ని తిరిగి తెరుస్తుంది. మళ్లీ జబ్బు తిరగబెట్టినప్పుడు ఆసుపత్రికి రానని మొరాయించే రోగులలో కొందరి మొండితనం వెనుక ఈ జ్ఞాపకమే ఉంటుంది. కుటుంబం దాన్ని జబ్బు లక్షణంగా లెక్కగడుతుంది.

రాత్రి రెండు గంటలప్పుడు

సిద్ధాంతం ఎంత చెప్పినా నిర్ణయం జరిగే చోటు వార్డు. ఏ ఒక్క ఆసుపత్రిదీ కాని, ఎక్కడైనా జరగగల ఒక రాత్రిని ఊహించుకుంటే చర్చ నేల మీదికి వస్తుంది. పురుషుల వార్డులో నలభై మంది రోగులున్నారు. డ్యూటీలో ఒక స్టాఫ్ నర్సు, ఒక ఎమ్మెన్వో (మగ నర్సింగ్ ఆర్డర్లీ) ఉన్నారు. డ్యూటీ డాక్టరు వేరే బ్లాకులో ఉన్నాడు. అనకాపల్లి వైపు నుంచి నిన్న మధ్యాహ్నం చేరిన ఇరవై నాలుగేళ్ల కుర్రవాడికి మేనియా, అంటే నిద్ర, నిలకడ లేకుండా ఉత్సాహం హద్దు మీరే జబ్బు; మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. గ్రిల్ గేటు నుంచి బాత్రూము కుళాయి దాకా, కుళాయి నుంచి గేటు దాకా తిరుగుతున్నాడు. పాట గొంతు పెంచాడు. పక్క మంచం మీది పెద్దాయన తిట్టాడు. కుర్రవాడు స్టీలు గ్లాసు నేలకేసి కొట్టాడు.

నార్వేలో తయారైన బ్రోసెట్ చిట్టా అనే కొలమానం ఇలాంటప్పుడు ఆరు సంగతులు చూడమంటుంది: అయోమయం, చిరాకు, హద్దు మీరిన హోరు, నోటితో బెదిరింపు, ఒంటితో బెదిరింపు, వస్తువుల మీద దాడి. ఒక్కోదానికి ఒక్కో అంకె. మొత్తం మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే రాబోయే ఇరవై నాలుగు గంటల్లో దాడి జరిగే ప్రమాదం ఎక్కువని అర్థం. దీనికి పెద్ద శిక్షణ అవసరం లేదు. డ్యూటీ మారేటప్పుడు ప్రతి రోగికీ ఈ అంకె వేసి ఉంటే, రాత్రి రెండు గంటలకు జరగబోయేది సాయంత్రం ఆరు గంటలకే కొంతవరకు తెలుస్తుంది. నిద్రమాత్ర ముందుగా ఇచ్చి ఉండవచ్చు, మంచం మార్చి ఉండవచ్చు.

ఇక్కడ ఎమ్మెన్వో తనకు తెలిసిన మార్గం చెబుతాడు: ‘సిస్టర్, రూములో ఏసేద్దాం. రెండు నిమిషాలు తలుపు గుద్ది పడుకుంటాడు.’ ఆ మాటలో దురుద్దేశం లేదు. నలభై మందిలో మిగతా ముప్పై తొమ్మిది మంది లేవకముందే వార్డును నిమ్మళపరచాలన్న ఆదుర్దా ఉంది. నర్సు ఒప్పుకుంటే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఒప్పుకోకపోతే గంట పడుతుంది. ఏకాంత నిర్బంధం మీద జరిగే చర్చంతా చివరికి ఆ గంటకు ఆసుపత్రి విలువ కడుతుందా లేదా అన్నదాని మీదికే వస్తుంది.

ఆ గంటలో చేసే పనికి కొన్ని పద్ధతులున్నాయి. నర్సు తాళంచెవుల గుత్తి జేబులో పెట్టుకుంటుంది. ఎమ్మెన్వోను రోగి ఎదురుగా కాకుండా పక్కగా, కాస్త వెనక నిలబడమంటుంది. రెండు చేతుల దూరం ఉంచుతుంది, తనకూ రోగికీ ఇద్దరికీ బయటికి దారి ఉండేటట్టు నిలబడుతుంది. ఒక్కరే మాట్లాడతారు. ‘ఏం బాబూ, నిద్ర పట్టలేదా? నీళ్లు తాగుతావా?’ అని అడుగుతుంది. ‘మా అక్కతో మాటాడాలి సిస్టర్. నన్నిక్కడ ఒగ్గేసి ఎల్లిపోనారు’ అంటాడు. కోపం వెనకనున్న భయం ఆ మాటతో బయటపడింది. ‘ఒగ్గేయలేదు బాబూ, అక్క పొద్దున్న వస్తానంది. ఇప్పుడు పడుకుని ఉంటుంది. తెల్లవారి ఆరింటికి నేనే ఫోన్ కలిపిస్తాను. అందాకా ఈ బల్ల దగ్గర నాతో కూర్చుంటావా, వరండాలో నడుస్తావా?’ అని నర్సు అడుగుతుంది. రెండింటిలో ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. ఎంచుకోవడానికి అవకాశం ఉందన్న సంగతి ముఖ్యం. ఆ తర్వాత చక్కెర చూడటం, నాడి, రక్తపోటు రాయడం, డాక్టరు ముందే రాసిపెట్టిన అవసర మందు నోటితో తీసుకుంటావా అని అడగడం. ఆరింటికి ఫోన్ చేయించాలన్న మాట రిపోర్టు పుస్తకంలో ఎక్కాలి. పొద్దుటి డ్యూటీ నర్సు దాన్ని మరచిపోతే, మరుసటి రాత్రి ఏ మాటకూ విలువ ఉండదు.

ఈ పద్ధతికి విశాఖలో ఒక ప్రత్యేకమైన అడ్డంకి భాష. ఇక్కడికి వచ్చే రోగుల్లో తెలుగువారు ఎక్కువే అయినా, పాడేరు, అరకు కొండల నుంచి వచ్చేవారిలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారున్నారు. కోరాపుట్, రాయగడ వైపు నుంచి ఒడియావారు వస్తారు. ఓడరేవులోను, కట్టడాల పనుల్లోను ఉన్న హిందీ, బెంగాలీ కూలీలను పోలీసులు తీసుకొస్తారు. ఉద్రేకాన్ని చల్లార్చే విద్య అంతా మాట మీద ఆధారపడింది. మాట అర్థం కాని రోగి విషయంలో నర్సు చేతిలో మిగిలేది ముఖకవళికలు, నీళ్ల గ్లాసు, ఓపిక. తలుపు ఎక్కువగా మూసుకునేది ఇలాంటి రోగుల మీదే అయ్యే ప్రమాదం ఉంది. ఏ నర్సుకు, ఏ ఎమ్మెన్వోకు, ఏ ఎఫ్ఎన్వోకు (ఆడ నర్సింగ్ ఆర్డర్లీకి) ఏ భాష వచ్చునో ఒక కాగితం మీద రాసి డ్యూటీ గదిలో అంటించడం పైసా ఖర్చు లేని పని.

మాట ఫలించని రాత్రులూ ఉంటాయి. అప్పుడు మందు మిగులుతుంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జరిగి 2004లో వెలువడిన పరిశోధనలో హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ కలిపి ఇచ్చిన ఇంజెక్షన్, లోరజెపామ్ ఇంజెక్షన్ రెండూ బాగానే పనిచేశాయి. మొదటిది త్వరగా మత్తు తెచ్చింది. ఈ మందులు చవక, మన ఆసుపత్రుల్లో దొరికేవే. అయితే మందుతో పడుకోబెట్టడం కూడా ఒక రకం నిర్బంధమేనన్న విమర్శను తోసిపుచ్చలేం. గది వాడకం తగ్గిన చోట ఇంజెక్షన్లు పెరిగాయేమో కూడా లెక్క చూడాలి. ఇంజెక్షన్ ఇచ్చిన రోగి దగ్గర మనిషి ఉండాలి. శ్వాస, నాడి, జ్వరం, మెలకువ క్రమం తప్పకుండా రాయాలి.

లెక్కలో లేని గంటలు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం తన మానసిక వైద్యశాలల్లో 1990 నుంచి 2000 వరకు జరిగిన ప్రతి ఏకాంత నిర్బంధాన్నీ లెక్కపెట్టింది. వెయ్యి రోగి దినాలకు (ఒక రోగి ఆసుపత్రిలో గడిపిన ఒక రోజు ఒక రోగి దినం) 4.2 సార్లు ఉన్నది 0.3కు దిగింది. ఒక్కోసారి సగటున 10.8 గంటలు ఉన్నది 1.3 గంటలకు తగ్గింది. దాని వెనుక సిబ్బంది పెంపు, సంక్షోభాలకు ప్రత్యేక బృందాలు, ప్రతి ఘటన తర్వాత సమీక్ష ఉన్నాయి. బ్రిటన్‌లో లెన్ బవర్స్ నాయకత్వంలో 31 వార్డుల్లో సేఫ్‌వార్డ్స్ పద్ధతిని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. అందులో ఉన్నవి చాలా మామూలు పనులు: సిబ్బందీ రోగులూ ఒకరినుంచి ఒకరు ఏం ఆశించవచ్చో కలిసి రాసుకోవడం, చెడు వార్తను ఎలా చెప్పాలో ముందే ఆలోచించడం, డ్యూటీ మార్పిడిలో ప్రతి రోగి గురించి ఒక మంచి మాట చెప్పడం వంటివి. ఘర్షణలు 15 శాతం, నిర్బంధ చర్యలు 26.4 శాతం తగ్గాయి. ఈ రెండు చోట్లా తగ్గుదల కనబడటానికి కారణం ముందుగా లెక్క ఉండటం.

మన చట్టంలోని చిక్కు ఇక్కడే ఉంది. 97వ సెక్షను కట్టివేతకు సంబంధించి అన్నీ రాయమంటుంది. పద్ధతి, కారణం, ఎంతసేపు అన్నవి వెంటనే కేస్ షీటులో ఎక్కాలి. ప్రతి ఘటననూ నెలవారీ నివేదికలో, ఈ చట్టం కింద రోగుల హక్కులను చూసే సంబంధిత రివ్యూ బోర్డుకు పంపాలి. ఏకాంత నిర్బంధం నిషిద్ధం గనుక దానికి ఇలాంటి ఏర్పాటు లేదు. విచిత్రంగా, అదే సెక్షనులోని ఐదవ ఉపసెక్షను మాత్రం ఏకాంత నిర్బంధం గానీ కట్టివేత గానీ జరిగిన ప్రతిసారీ 24 గంటల్లోగా రోగి నామినేటెడ్ ప్రతినిధికి (రోగి తరఫున మాట్లాడే వ్యక్తికి) తెలపాలంటుంది. మొదటి వాక్యంలో కుదరదన్నది ఐదవ దానిలో జరగవచ్చని ఒప్పుకున్నట్టయింది. ముసాయిదా రచనలో జరిగిన పొరపాటే కావచ్చు, కానీ అనుకోకుండా అది వాస్తవానికి దగ్గరగా ఉంది. ఏకాంత నిర్బంధం జరిగిందని రాస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. రాయకపోతే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇలాంటి పరిస్థితిలో నర్సు కలం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

కనుక నిషేధాన్ని సడలించకుండానే, మూసిన ప్రతి తలుపునూ అదే పేరుతో నమోదు చేసే ఏర్పాటు అవసరం. ఆ నమోదు చేసిన నర్సును శిక్షకు గురిచేసేదిగా కాక, ఆసుపత్రి లోపాన్ని బయటపెట్టేదిగా చూసే విధానం కావాలి. బ్రిటన్ నియమావళిలోని కొలతలు ఇందుకు కనీస గీటురాయిగా పనికొస్తాయి. అక్కడ గదిలోని రోగి నర్సు కంటికీ చెవికీ అందే దూరంలో ఉండాలి, కనీసం పదిహేను నిమిషాలకోసారి స్థితి రాయాలి, రెండు గంటలకోసారి ఇద్దరు నర్సులు, నాలుగు గంటలకోసారి వైద్యుడు సమీక్షించాలి. అమెరికా నిబంధనలు గంటలోపు ముఖాముఖి పరీక్ష కోరతాయి. మన దగ్గర చట్టవిరుద్ధంగా మూసిన తలుపు వెనుక ఇవేవీ ఉండవు. ఏకాంత నిర్బంధాన్ని అనుమతించిన దేశంలో రోగికి దొరికే రక్షణ, నిషేధించిన దేశంలో రహస్యంగా నిర్బంధమైన రోగికి దొరకదు.

సిబ్బంది కొరతను కారణంగా చూపి కట్టివేయరాదని నాలుగవ ఉపసెక్షను చెబుతోంది. చట్టంలోని అత్యంత ధైర్యమైన వాక్యం ఇదే. అమలు భారం మాత్రం పోస్టులు మంజూరు చేయాల్సినవారి మీద పడకుండా, రాత్రి ఒంటరిగా ఉన్న నర్సు మీద పడుతోంది. రోగుల చేతిలో దెబ్బలు తిన్న నర్సులు, ఎమ్మెన్వోలు ఉన్నారు. వారి భయం నిజమైనదే. ఒక్క నర్సుతో నలభై మందిని వదిలేసి, ఆమె తలుపు మూసినందుకు ఆమెనే తప్పుపట్టే విచారణ న్యాయంగా ఉండదు. నెలవారీ నివేదికలో ప్రతి ఘటన పక్కన ఆ సమయానికి వార్డులో ఎంతమంది రోగులు, ఎంతమంది సిబ్బంది ఉన్నారో రాయాలన్న చిన్న నియమం ఉంటే, బోర్డు ఎవరిని ప్రశ్నించాలో దానికదే తేలుతుంది.

తలుపు మూయమనే ఒత్తిడి లోపలి నుంచే రాదన్నదీ గమనించాలి. కొడుకును ఇంట్లో నెలల తరబడి గదిలో పెట్టి అలసిపోయిన తల్లి ఆసుపత్రికి వచ్చి, ‘ఓ నాలుగు రోజులు గదిలో పెట్టి తాళమేసేయండమ్మా, అణుగుతాడు’ అంటుంది. ఆమెను తప్పుపట్టడం తేలిక. ఆమె ఊళ్లో ఇంకే సాయమూ దొరకలేదన్నది మరచిపోకూడదు. నిజానికి కుటుంబమే మన దగ్గరున్న బలం. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అనే వైద్యుడు రోగుల బంధువులను ఆవరణలో గుడారాలు వేసి ఉంచాడు. వేలూరులోనూ అదే దశాబ్దంలో కుటుంబంతో కలిసి ఉండే వార్డులు మొదలయ్యాయి. అక్క పక్కనున్న కుర్రవాడికి రాత్రి రెండు గంటలకు ఫోన్ అవసరం రాదు. అయితే అరకు కొండల నుంచి వచ్చిన కూలి కుటుంబం విశాఖలో పది రోజులు ఉండాలంటే పడక, తిండి, పోయిన కూలి డబ్బులు కావాలి. వాటి సంగతి చూడకుండా బంధువులను పక్కనుంచమనడం పేదవారి మీద మరో భారం వేయడమే. ఇదే కారణంగా 24 గంటల్లో ప్రతినిధికి తెలపడమన్నది కూడా, ఫోన్ సిగ్నలు అందని ఊళ్ల విషయంలో, ఆశా కార్యకర్త నంబరు కేస్ షీటు మొదటి పేజీలోనే రాసుకున్నప్పుడే సాధ్యపడుతుంది.

చట్టం ఇచ్చిన సాధనాల్లో అతి తక్కువగా వాడుకలోకి వచ్చినది ముందస్తు నిర్దేశ పత్రం. వయోజనుడైన ఎవరైనా, జబ్బు లేని రోజుల్లోనే, తనను ఎలా చూసుకోవాలో, ఏ చికిత్స వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసి పెట్టుకోవచ్చు. అత్యవసర చికిత్సకు అది వర్తించదని చట్టం చెప్పినా, ఉద్రేకంలో ఉన్న మనిషిని ఏది శాంతపరుస్తుందో తెలిపే సమాచారం అంతకంటే నమ్మకంగా మరెక్కడా దొరకదు. ఆ సమాచారం పూర్తి పత్రంగానే ఉండాలనీ లేదు. డిశ్చార్జి రోజున మందుల వివరాలు చెప్పేటప్పుడే నర్సు మూడు ప్రశ్నలు అడగవచ్చు. నీకు కోపం వస్తోందని మాకు ఎలా తెలుస్తుంది? అప్పుడు ఎవరితో మాట్లాడాలనిపిస్తుంది? ఏం చేస్తే ఇంకా రెచ్చిపోతావు? అనకాపల్లి కుర్రవాడు మొదటిదానికి ‘పాట పెద్దగా పాడతాను’ అనవచ్చు, రెండోదానికి అక్క పేరు, ఫోన్ నంబరు చెప్పవచ్చు, మూడోదానికి ‘తలుపేస్తే’ అనవచ్చు. ఆ జవాబులు డిశ్చార్జి కాగితం మీద ఒకటి, ఆసుపత్రి ఫైలులో ఒకటి రాసి ఉంచితే, మళ్లీ చేరిన రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు కొత్త మనిషైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.